బదులాళ్ళు

చెప్పులు బయట విడిచి రమ్మన్నారు, విడిచాడు. గంప కూడా బయటే పెట్టమన్నారు, వసారాలో గోడవార దించి మీద తడిగుడ్డ సర్దాడు. తలుపు తెరవగానే చలి మొహాన కొట్టింది. బయట కుప్పం ఎండ రాళ్ళు పగిలేట్టుగా ఉంది, ఈ గదిలో మాత్రం మాఘమాసం పొద్దున మంద కాడ కూర్చున్నంత చలి. చెన్నప్ప భుజం మీది తువ్వాలు తీసి చెవులకు చుట్టుకున్నాడు. కుర్చీ వేశారు, కూర్చున్నాడు. ఎదురుగా ఇనుప బీరువాల్లాంటివి నిలబడి ఉన్నాయి, వాటి కడుపులో పచ్చదీపాలు మిణుకుమంటున్నాయి, ఎడతెగని రొద వస్తోంది. రైసుమిల్లు రొద కాదు, తేనెపట్టు రొద కాదు, కాసేపు వింటే వినపడకుండా పోయే రొద. ఈ చలి మనుషుల కోసమా మిషన్ల కోసమా అని అడుగుదామనుకున్నాడు, అడగలేదు. బిడ్డ పోయిన కాడినుంచి అంతే. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే చల్లారిపోతుంది. ఏడుపూ అంతే, వస్తోంది వస్తోంది అనిపిస్తుంది, వచ్చి వాకిట్లో నిలబడిపోతుంది, గడప దాటదు.

కూతురు యమునకు చదువు చెప్పిన రామమూర్తి సారు టీవీ లాంటి పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన శ్రుతి, యమునతో ఒకే గదిలో ఉండి చదువుకున్న పిల్ల. ఇద్దరి చూపూ ఆ పెట్టె మీదే. యమున మొదలుపెట్టిన లెక్క ఒకటి ఇంకా నడుస్తోంది, ఆ సంగతి దినాలకు వచ్చినప్పుడే సారు చెప్పాడు. ఇప్పుడు మళ్ళీ మెల్లగా చెప్పాడు. ఆ లెక్కను చిన్న చిన్న తునకలు చేసి దేశదేశాల మిషన్లకు పంచింది యమున. ఎక్కడి తునక అక్కడ తేలి ఈ గదికి తిరిగొస్తుంది. అన్నీ వచ్చేశాయి, ఒక్కటి మిగిలింది. ఆ మిషన్లన్నీ ఇది యమున పని అని గుర్తుపట్టేది ఒక అనుమతిని చూసి, దాని గడువు ఈ మధ్యాహ్నం పన్నెండుకు తీరిపోతుంది. దాన్ని మళ్ళీ రాయించుకోవలసింది యమునే, ఆమె బదులు ఇంకొకరు రాయించుకోవడానికి లేదు. పన్నెండు లోపల ఆ తునక వస్తే లెక్క ముడిపడి ఆమె పేరు మీద నిలిచిపోతుంది. రాకపోతే అన్ని దేశాల మిషన్లూ ఆమె పనిని దించేస్తాయి, వచ్చిన తునకలు కూడా ఎందుకూ కొరగావు. చెన్నప్ప తల ఊపాడు. గడియారం పదకొండు దాటింది. ముల్లు కదులుతుంటే కనపడదు, చూపు తిప్పి మళ్ళీ చూస్తే కదిలి ఉంటుంది.

అంతా విని అడిగాడు, పొద్దుటినుంచీ అడగాలనుకుంటున్న మాట. "మరి పనోళ్ళు యాడ సార్?"

రామమూర్తికి వెంటనే అర్థం కాలేదు. శ్రుతికి అయింది. ఆమె వసారా వైపు చూసింది, గాజు తలుపు అవతల గంప, దాని మీద తడిగుడ్డ. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాళ్ళు రారు చెన్నప్పన్నా," అన్నాడు సారు చివరికి. "ఎక్కడివాళ్ళు అక్కడే ఉంటారు. ఆ మిషన్ల పక్కన మనుషులు ఉన్నారో లేదో కూడా మనకు తెలీదు."

అట్లనా, అన్నాడు చెన్నప్ప. ఇంట్లో పెండ్లాం మునిరత్నమ్మకు ఏం చెప్పాలి, అదొకటే బుర్రలో తిరిగింది. ఆడ ఎవురూ రాలే, ఇనుప బీరువాలు ఉండాయి, అని చెప్పాలా. నెల రోజులుగా ఆమె పొయ్యి ముట్టించలేదు, మరిది ఇంటినుంచి వస్తే తినింది, రాకపోతే లేదు. దేశదేశాలోళ్ళు మన పాప పని చేస్తా ఉండారంట, సోమవారానికి అయిపోతాదంట, నన్ను రమ్మన్నారు, అని తను చెప్పిన పూట మాత్రం లేచి కూర్చుంది. ఎంతమందంట, అంది. చాలామంది అంట, అన్నాడు. ఈ పొద్దు కోడి కూయకముందే పెద్ద దబర పొయ్యి మీదికెక్కింది. పెద్దపంజాణి నుంచి తోడికోడలు వచ్చి ఎసరు పెట్టింది, సంగటి మాత్రం ఎవరినీ ముట్టనీయకుండా తనే కెలికింది, చేతులు నొచ్చేదాకా. ముద్దలు చేసి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి రుబ్బి, ఉలవపులుసు కారియర్లో పోసి, గంప నెత్తికెత్తేటప్పుడు ఒకే ఒక మాట చెప్పింది, మొదుటి ముద్ద నువ్వే పెట్టు, ఇంకెవురి చేతా పెట్టనీయొద్దు. సరే అన్నాడు. పుంగనూరులో బస్సెక్కితే గంపకు చోటు లేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు, వేడి తొడలకు తగులుతుంటే బాగున్నట్టే ఉంది. కండక్టరు వాసన పట్టి, "ఏం పెద్దాయనా, పెండ్లికా?" అన్నాడు. కాదప్పా, కోతకు, అన్నాడు. ఈ ఎండలకాలం కోతేందని కండక్టరు నవ్వి, ఊరిబిండి కాస్త నాకూ ఆపు, దిగేటప్పుడు తీసుకుంటా అన్నాడు. పలమనేరు దాటినాక గంప చల్లారింది.

చావు జరిగిన ఇంటి చేను ఎండనీయరు. వాళ్ళ పల్లెల్లో అది ఎవరూ చెప్పి నేర్పేది కాదు. ఊళ్ళో మునెప్ప అనే రైతు చచ్చిపోయిన సంవత్సరం రాగి కోతకొచ్చి ఉంది, కొడుకులు గుండు చేయించుకుని మూలన కూర్చున్నారు, ఆ ఇల్లు ఎవరెవరి చేలో బదులు చేసి ఉందో వాళ్ళంతా కొడవళ్ళు పట్టుకుని పొద్దు పొడవకముందే చేలో దిగారు. ఎవరూ పిలవలేదు. ఇంట్లోకి ఎవరూ పోలేదు, పలకరించలేదు, చేలోనుంచి చేలోకే వచ్చారు. బదులంటే ఊరికే సాయం కాదు. నేను నీ చేలో వంగితే నువ్వు నా చేలో వంగాలి. మనిషికి మనిషి, ఎద్దులు వస్తే ఎద్దుల లెక్క వేరు. కూలి ఇవ్వరు, పుచ్చుకోరు, కానీ కడుపు మాత్రం ఆ ఇంటివాళ్ళే నింపాలి. చావింట్లో ఆ పూట పొయ్యి వెలిగేది ఆళ్ళ కోసమే. ఇంటి పెద్ద చేలోకి నడిచొచ్చి మొదటి ముద్ద తన చేత్తో పెడితే, అప్పుడు ఆ ఇల్లు మళ్ళీ మనుషుల్లో పడినట్టు. మునెప్ప పెద్దకొడుకు ముద్ద పెడుతూ పెడుతూ అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాడు, అప్పటిదాకా ఏడవలేదంట వాడు. పక్కన నిలబడి చూసిన చెన్నప్పకు అది గుర్తుంది. మొదటి ముద్ద పెట్టేటప్పుడు తనకూ ఏమైనా అవుతుందేమో అని బస్సులో అనుకున్నాడు. ఇప్పుడు పెట్టడానికి చెయ్యి చాచేవాడు లేడు.

ఈ మిషన్లదీ బదులేనన్న మాట యమున నోట విన్నదే. అప్పుడు దొడ్డికాడ తడిక కడుతున్నాడు తను, పిల్ల సెలవుకొచ్చి నులక అందిస్తోంది. మా మిషను రాత్రుళ్ళు ఊరికే పడి ఉంటాది నాయనా, అప్పుడు వేరే దేశపోళ్ళ లెక్కలు చేస్తాది, నాకు పెద్దపని పడినప్పుడు వాళ్ళ మిషన్లు నాకు చేస్తాయి, అనింది. బదులా, అన్నాడు. బదులే, అని నవ్వింది. ఎవరి కాడ ఎన్నాళ్ళు చేసినారో లెక్క ఎవురు పెడతారు, అని అడిగాడు. ఎవురూ గట్టిగా పెట్టరు నాయనా, ఎవరికి అక్కరుంటే వాళ్ళు దిగుతారు, అనింది. అయితే ఆళ్ళు మంచోళ్ళన్నా అయ్యుండాల, తిక్కోళ్ళన్నా అయ్యుండాల, అన్నాడు. పిల్ల నులకచుట్ట కింద పడేసి మరీ నవ్వింది. ఆయన మాటకు ఎవరైనా నవ్వడం అరుదు, మాట్లాడటమే అరుదు. అందుకని ఆ నవ్వు ఆయన దగ్గర మిగిలిపోయింది. అయితే ఇప్పుడు ఆ నవ్వు తలుచుకున్నా చప్పుడు వినపడదు, నోరు మాత్రం కనపడుతుంది.

"రాలేదు," అంది శ్రుతి. ఎవరితోనూ కాదు. ఆ చివరి తునకను పట్టుకున్న మిషను పలకడం లేదంట, ఎక్కడో చలిదేశంలో ఉందంట, కరెంటు పోయిందో, ఎవరైనా ఆపేశారో. ఇంకో మిషనుకు అదే తునకను మళ్ళీ పంపుతోంది. ఆమె వేళ్ళు టకటకమన్నాయి. గడియారం చూడకూడదనుకుని చూశాడు. అరగంట పైచిలుకు ఉంది.

దూరాన ఎవడో పట్టుకున్న సాలు వదిలేసి పోయాడు, అనుకున్నాడు. పోయినాడంటే ఆడికీ ఏదో వచ్చి ఉంటుంది. ఒక ఏడాది వానలు ఎక్కువై తన గొర్రెల మంద మీద రోగం పడ్డట్టు ఏదో పడి ఉంటుంది. ఎన్నడూ లేనంత వాన, కార్తీకం దాకా, పుంగనూరు సంతలో బురద మోకాళ్ళ లోతు. తర్వాత గొర్రెలకు మూతులు వాచాయి, నాలుకలు నీలిరంగుకు తిరిగాయి, నీళ్ళు కూడా దిగవు. మదనపల్లె నుంచి వచ్చిన పశువుల డాక్టరు చూసి, ఇది ఈగలు మోసుకొచ్చే రోగం, పుండ్లు కడగడం తప్ప మందు లేదు అని ఉన్న మాట చెప్పి పోయాడు. యమున చిన్నపిల్ల. బడికి పోనని మంకుపట్టు పట్టి దొడ్లోనే కూర్చుంది. పొటాష్ నీళ్ళతో మూతులు కడగడం, అంబలి వేలుతో ముంచి నాలుక వెనక్కి పెట్టడం. ఒక బొల్లి గొర్రెపిల్ల ఆమె ఒళ్ళోనే పోయింది. పోయినాక కూడా వేలు దాని నోట్లోనే ఉంది. తియ్యమ్మా, అన్నాడు. దీనికి మందు యాల లేదు నాయనా, అనింది. ఎవురూ ఎతకలేదేమోలే, అన్నాడు, ఏదో ఒకటి చెప్పాలి కదా అని. ఆ మాటను అంత గట్టిగా పట్టుకుంటుందని అనుకోలేదు. మదనపల్లెలో కాలేజీ అయినాక కుప్పం వచ్చి ఇదే పని ఎత్తుకుంది. రోగానికి బీగం లాంటిది ఒకటి ఉంటాదంట, దానికి పట్టే తాళంచెవిని వెతకడమంట, చెవులు లక్షల్లో ఉంటాయంట, ఒక్కొక్కటీ పెట్టి తిప్పి చూడాలంట. అంతా ఇందులోనే, ఈ పెట్టెల్లోనే, నిజం బీగమూ లేదు నిజం చెవీ లేదు. ఒక్క మిషను చేస్తే నా తల నెరుస్తాది నాయనా, అందరూ చేస్తే ఈ ఎండలు దాటేలోగా అయిపోతాది, అనింది.

తల నెరవలేదు. మదనపల్లె దారిలో టమాటా లారీ. శ్రుతి స్కూటరు అడిగి తీసుకుని బయల్దేరింది యమున, ఏవో పుస్తకాలకు. ఆసుపత్రిలో తెల్లగుడ్డ తీసి చూపించినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, స్కూటరు ఎవురిది, అని. అక్కడున్నవాళ్ళంతా ఆయన వైపు వింతగా చూశారు. ఆయనకు మాత్రం అది తప్ప ఇంకేదీ తోచలేదు, ఎరువు తెచ్చుకున్న వస్తువు, ఎవరిదో వాళ్ళకు చేరాలి. దినాలు కాకముందే దాన్ని బాగుచేయించి శ్రుతి వాళ్ళింటి ముందు పెట్టించాడు. శ్రుతి అమ్మ వద్దన్నా అని చేతులు జోడించింది, ఆమె ఎందుకు ఏడుస్తోందో ఆయనకు సరిగ్గా తెలీలేదు. టమాటాలు మాత్రం గుర్తున్నాయి. రోడ్డు మీద పడినవాటిని రైతులెవరో ఏరుకుంటున్నారు, మంచివి ఒకవైపు, నలిగినవి ఒకవైపు. తప్పు అనిపించలేదు. తనైనా ఏరుకునేవాడే.

వసారాలో అలికిడి. కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురు గంప చుట్టూ నిలబడి ఎవరిదని అడుగుతున్నారు, వాసన పోనిచ్చేట్టు లేదు మరి. శ్రుతి లేచి పోబోయింది. చెన్నప్ప చేత్తో ఆపి తనే లేచాడు, గాజు తలుపు తోసుకుని బయటికి పోయాడు, ఎండ మళ్ళీ నెత్తిన పడింది. చల్లారిన ముద్ద ఒకటి తీసి, మధ్యలో గుంట చేసి, పులుసు పోసి, ముందున్న పిల్లవాడి చేతిలో పెట్టాడు. తాతా ఏం విశేషం, అన్నాడు వాడు. నా కూతురి పని ఒకటి ఈ పొద్దు అయిపోతాదప్పా, అన్నాడు. ఏం కాలేదు. చెయ్యి ముద్ద పెట్టింది, ఇంకో ముద్ద తీసింది, అంతే. వాళ్ళు గోడకానుకుని తింటూ కారం ఎక్కువని ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు, వాచ్‌మన్ గోవిందమ్మను కూడా పిలిచారు. ఆమె ఊరిబిండి నాలుకకు రాసుకుని, "ఇది పుంగనూరు పక్క చెయ్యి, కదన్నా?" అంది. అవునమ్మా, అన్నాడు. ఇంటికి పోయి మునిరత్నమ్మకు ఈ మాట చెప్పొచ్చు. తిన్నారు, కారం అన్నారు, చెయ్యి గుర్తుపట్టారు. అబద్ధం కాదు.

లోపలికి వచ్చేసరికి సారు నిలబడి ఉన్నాడు. కూర్చున్న మనిషి ఎందుకు నిలబడ్డాడో చెన్నప్ప అడగలేదు, తనూ నిలబడ్డాడు. పెట్టె మీద సన్నటి గీత ఒకటి చివరిదాకా పోవడానికి వెంట్రుకవాసి మిగిలి ఉంది. రెండో మిషను పట్టుకుంది, పని జరుగుతోంది, అన్నాడు సారు. ఎంతలో అవుతుందో చెప్పలేనన్నాడు. ముల్లు పైకెక్కుతోంది. చెన్నప్పకు మొక్కుకోవాలనిపించలేదు, ఎవరికి మొక్కాలో తెలీలేదు, ఆ చివరి తునకను పట్టుకున్నది ఎవరో, వాళ్ళకు ఒక దేవుడు ఉంటాడు కదా, వాళ్ళ దేవుడికి ఈ పిల్ల ఎవరో తెలుసా. కోతలో ఆఖరి సాలు ముసలివాళ్ళకు వదులుతారు. మెల్లగా కోస్తారు, వెన్ను విరగదు, గింజ రాలదు. మెల్లగానే కానీలే, అనుకున్నాడు. కంగారుపడితే గింజ రాలుతుంది.

గీత నిండింది. చప్పుడు ఏమీ కాలేదు. శ్రుతి రెండు చేతులూ మీటల పలక మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, గడియారం వైపు చూసింది, ఇంకా కాలేదు పన్నెండు, కాస్త ఉంది. వచ్చింది పెదనాయనా, అంది. ఆమె ఏడ్చింది, సారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, చెన్నప్ప వాళ్ళిద్దరినీ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత సారు తునకలన్నీ కలిపి చూడసాగాడు, చాలాసేపు చూశాడు, పైకీ కిందికీ పోయి మళ్ళీ మొదటికొచ్చి చూశాడు. శ్రుతి కూడా వంగింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడకపోవడం చెన్నప్పకు తెలిసిన భాషే.

"ఏ చెవీ పట్టలా?" అన్నాడు.

సారు వెనక్కి తిరిగాడు. దాచలేదు. "పట్టలేదన్నా. ఇందులో లేదు. అన్నీ సరిగ్గానే చూసింది, ఒక్కటి కూడా వదల్లేదు. లేదని తేలింది."

లేదని తేలింది. ఆయన ఆ మాటను నోట్లో ఇటూ అటూ తిప్పుకున్నాడు. పుంగనూరు చుట్టుపక్కల బోర్లన్నీ అంతే. రాయి వచ్చేదాకా పోతారు, రాయి కిందికీ పోతారు, దుమ్ము లేస్తుంది, ఇంటిల్లిపాదీ ఆ దుమ్ము చూస్తూ నిలబడతారు. నీళ్ళు పడకపోతే బండి ఎత్తుకుని పోతారు. ఆ గుంతకు అడ్డంగా ఒక రాయి దొర్లిస్తారు. ఆ రాయిని చూసినవాడెవడూ అక్కడ మళ్ళీ వెయ్యడు. "అయితే ఇంకెవురూ ఈడ తవ్వే పని లేదు," అన్నాడు. అవును, అన్నాడు సారు, ఈ దేశాలన్నిటిలో ఈ రోగం వెనక పడినవాళ్ళు ఉన్నారు, వాళ్ళంతా యమున పేరు చూస్తారు, ఇక్కడ వెతికారు, లేదు, అని చూసి పక్కకు పోతారు, వాళ్ళకు ఏళ్ళు మిగులుతాయి. ఓదార్పుకు చెప్పిన మాటలాగ లేదు. ఉన్నది చెప్పినట్టే ఉంది, ఆ మదనపల్లె డాక్టరు చెప్పినట్టు. చెన్నప్ప తల ఊపాడు. సంతోషమో దుఃఖమో తెలీలేదు. బీరువాల రొద ఆగిపోతుందేమో అనుకుని చెవి పెట్టాడు, ఆగలేదు. పన్నెండు దాటింది. పెట్టె మీద యమున పేరు ఉన్న గడిలో చుక్క రంగు మారి బూడిదగా అయింది. దాని పక్కనే వేరే గడిలో ఒక కొత్త గీత సన్నగా మొదలయింది.

"అదేంది?" అన్నాడు.

"యమున మిషను ఖాళీ అయింది కదా పెదనాయనా, వేరేవాళ్ళ పని ఎత్తుకుంది." శ్రుతి కళ్ళు తుడుచుకుని చదివింది. "బ్రెజిల్ అని ఒక దేశం. ఎవరో ఇసబెల్ అంట. వాళ్ళ పక్క మబ్బుల లెక్క."

"ఆడపిల్లా?"

"పేరు చూస్తే అట్లనే ఉండాది."

ఆడపిల్ల. ఎక్కడో, ఏ ఊళ్ళోనో, మబ్బు చూసి లెక్క వేసుకునే ఆడపిల్ల. ఆమెకు నాయన ఉంటాడో లేదో. ఈ పొద్దు కుప్పంలో ఒక మిషను తన చేలో దిగిందని తెలీదు ఆమెకు, ఎవరి చేతులు ఖాళీ అయి దిగిందో అంతకన్నా తెలీదు. రెండు గంటలకు పుంగనూరు బస్సు ఉంది, సారు గుర్తుచేశాడు, తన బండి మీద స్టాండు దాకా దించుతానన్నాడు. చెన్నప్ప లేవలేదు. కుర్చీని గోడవారనుంచి కాస్త ముందుకు లాక్కున్నాడు, ఆ సన్న గీత కనపడేంత దగ్గరికి.

"అది ఇప్పుడిప్పుడే అయ్యేది కాదు పెదనాయనా," అంది శ్రుతి. "వారాలు పడతాది."

"పడనీమ్మా. అయ్యేదాకా ఉండను." ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "మొదుటి సాలు పడేదాకా ఉంటా. కొత్త సేను. మా తరపున మనిషొకడు గట్టున నిలబడాల కదా."